‘నా జీవితకథ’లో మనము చదువని పుటలు

హెలెన్ కెల్లరు చరిత్రము మన పాఠశాలలలో చిరకాలముగా చెప్పబడుచున్నది. పందొమ్మిది నెలల ప్రాయమున జబ్బుచేసి చూపును వినికిడిని పోగొట్టుకొన్న శిశువు, 1887వ సంవత్సరమున ఆమె యింటికి వచ్చిన సల్లివన్ అను గురువు, నీటిపంపు క్రింద చేయి యుంచి ఆ చేతిలోనే ‘నీరు’ అను మాటను వ్రేళ్లతో తెలిపిన ఘట్టము, ఇవి యెరుగని చదువరి అరుదు. అయితే మన పాఠము సాధారణముగా అచ్చటితో ముగిసిపోవును. దాని తుదకు ‘పట్టుదల గలవారికి సాధ్యము కానిది లేదు’ అను నీతివాక్యమొకటి చేర్చి గంట కొట్టుటయే తరువాయి. మేమును ఇరువదియేండ్లుగా అట్లే చెప్పుచు వచ్చితిమి. ఆ బోధనలో లోపమున్నదని మాకు తెలియజేసినది పండితులు గారు, మా పూర్వ విద్యార్థిని యొకతె. ఆ సంగతి ముందు వ్రాసెదము. మొదట గ్రంథమును విచారింతము.

‘నా జీవితకథ’ 1902లో ఒక స్త్రీల మాసపత్రికలో భాగములుగా వెలువడి, 1903లో గ్రంథరూపము దాల్చినది. అప్పటికి గ్రంథకర్త్రి యింకను విద్యార్థినియే. అమెరికాలోని రాడ్‌క్లిఫ్ కళాశాలలో 1900వ సంవత్సరమున చేరి 1904లో గౌరవములతో బి.ఏ. పట్టము పొందినది. ఆ కళాశాలలో రచనాభ్యాసము నేర్పిన కోప్లండు అను ఆచార్యుని తరగతికై వ్రాసిన వ్యాసములే యీ గ్రంథమునకు బీజములు. కావున ఇది బాల్యస్మృతుల కథ మాత్రమే గాదు. ఒక పట్టపరీక్ష చదువు కడుపున పుట్టిన పుస్తకము. ఈ సంగతిని మరచి దీనిని చదువువారు చెట్టును చూచి నేలను మరచినవారగుదురు.

మేము విమర్శింపబూనినవి పదునెనిమిదవ అధ్యాయము మొదలు ఇరువదవది వరకు గల మూడధ్యాయములు. వీనిలో నీటిపంపు వంటి అద్భుతములు లేవు. ఉన్నవెల్ల పాఠ్యపుస్తకములు, ప్రశ్నపత్రములు, గడియారము, అలసట. ఇట్టి విషయములు గలచోట చదువరి పుట త్రిప్పుట సహజమే. కాని మా యభిప్రాయమున ఈ గ్రంథమునకు వెన్నెముక యిచ్చటనే యున్నది.

1896వ సంవత్సరమున ఆమె కళాశాల ప్రవేశమునకు తగిన చదువు కొరకు కేంబ్రిడ్జిలోని యొక బాలికాపాఠశాలలో చేరినది. ఉపాధ్యాయులు చెప్పునదంతయు సల్లివన్ ప్రక్కన కూర్చుండి ఆమె చేతిలో అక్షరమక్షరముగా తెలుపవలెను. చేయి వినుటలో నిమగ్నమై యుండగా అదే చేయి వ్రాయజాలదు గదా! కావున తరగతిలో గురుతులు వ్రాసికొనుట లేదు. ఇంటికి పోయిన పిమ్మట జ్ఞాపకమున్నంత వరకు టైపుయంత్రముపై ఎక్కించుకొనవలెను. పాఠ్యగ్రంథములు ఉబ్బెత్తు అక్షరములలో కొన్ని మాత్రమే దొరకెడివి. లండనులోను ఫిలడెల్ఫియాలోను గల మిత్రులు వానిని త్వరగా సిద్ధపరుపజేయుటకు పాటుపడినను, కావలసిన వేళకు అందనివే పెక్కులు. ఆ పాఠశాలలో జర్మను భాష నేర్పు ఉపాధ్యాయిని వ్రేళ్ల అక్షరములను తాను నేర్చుకొని, వారమునకు రెండుసార్లు స్వయముగా హెలెన్ చేతిలో పాఠము తెలిపెడిది. ఆమె వ్రేళ్లు నెమ్మదిగాను తడబడుచును నడచెడివట. అయినను సల్లివన్‌కు కొంత విశ్రాంతి కలుగునని ఆమె యా శ్రమను పూనుకొన్నది. ఆమె పేరు నీతికథలలో కానరాదు. ఉపాధ్యాయవృత్తిలోనున్న మాకు మాత్రము పుస్తకమంతటిలో ఈ యిల్లాలివలె మనస్సునకు హత్తుకొన్నవారు తక్కువ.

క్షేత్రగణితము మరియొక చిక్కు. నల్లబల్లమీది బొమ్మలు ఆమెకు లేనట్లే. వంచిన మొనలుగల తిన్నని తీగెలను వంకర తీగెలను ఒక దిండుపై గ్రుచ్చి, త్రికోణములను వృత్తములను నిర్మించుకొని, వ్రేళ్లతో తడవి తెలిసికొనెడిది. ఈ వాక్యము చదివిన దినమున మేము పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిమి. కారణము చెప్పెదము. ఒకయేడు మా బడిలో గణితోపాధ్యాయుడు లేనందున క్షేత్రగణితము బోధించు భారము మాపై పడినది. తరగతిలో చూపులేని బాలిక యొకతె యుండెను. మేము బల్లవైపు తిరిగి ‘ఈ రేఖ, ఆ రేఖను, ఇచ్చట ఖండించుచున్నది’ అని సంవత్సరమంతయు చెప్పితిమి. ఏది యీ రేఖ? ఎచ్చట ఆ చోటు? ఆ పిల్ల ఒక్కనాడును అడుగలేదు, మాకును తోపలేదు. ఒక దిండు, నాలుగు తీగెముక్కలు మా యింటను ఉండెను గదా! లేనిది ధనము గాదు, తలంపు.

ఇక పరీక్షలు. 1897 జూన్ నెలాఖరున ప్రథమ పరీక్షలు జరిగినవి. టైపుయంత్రపు చప్పుడు తక్కినవారికి అడ్డగునని ఆమెను వేరొక గదిలో కూర్చుండబెట్టిరి. పాఠశాల ప్రధానాధ్యాపకుడు గిల్మను ప్రశ్నపత్రమును మొదట సాంతముగాను, పిదప వాక్యమునకు వాక్యముగాను ఆమె చేతిలో తెలిపెను, ఆమె వ్రాసినదానిని కాలమున్నంతవరకు మరల ఆమెకు చదివి వినిపించెను, ఆమె దిద్దుకొనెను. అన్నింటను కృతార్థురాలై, జర్మను ఆంగ్లేయ భాషలలో ప్రత్యేకగౌరవమును పొందినది. 1899 జూన్‌లో జరిగిన తుదిపరీక్షలకు వచ్చుసరికి విధానము మారిపోయినది. సల్లివన్ ప్రశ్నపత్రమును చదివి చెప్పుటకు కళాశాలవారు అంగీకరింపరైరి. అందులకై అంధుల పాఠశాలనుండి వైనింగు అను నుపాధ్యాయుని నియమించి, ప్రశ్నపత్రములను అమెరికా బ్రెయిలీలో వ్రాయించిరి. ఆయన ఆమెకు అపరిచితుడు. బ్రెయిలీలో వ్రాసి చూపుట తప్ప ఆమెతో మాటాడు మార్గము ఆయనకు లేదు.

భాషల పత్రములు సాఫీగానే జరిగిపోయినవి. బీజగణితమున చిక్కు వచ్చినది. ఆ కాలమున ఆంగ్ల దేశమునందొక బ్రెయిలీయు, అమెరికాలో మరియొక బ్రెయిలీయు, న్యూయార్కు చుక్కలని మూడవదియు వాడుకలో నుండెను. సాధారణ వచనమును ఆమె మూడింటను చదువగలదు. కాని గణితసంకేతములు దేనికవి వేరు. బీజగణితమున ఆమె వాడియున్నవి ఆంగ్ల బ్రెయిలీ సంకేతములు మాత్రమే. పరీక్షకు రెండు దినముల ముందు వైనింగు పంపిన పాత ప్రశ్నపత్రము చేతికి వచ్చినపుడు గాని తనకు రానున్నది తెలియని లిపి యని ఆమె యెరుగదు. వెంటనే జాబు వ్రాసి సంకేతముల పట్టికను తెప్పించుకొని అభ్యసింప మొదలిడినది. పరీక్షకు ముందటి రాత్రికి గూడ కుండలీకరణ చిహ్నములకును మూలచిహ్నమునకును భేదము సరిగా తెలియక ఆమెయు, ఆమెకు గణితము చెప్పిన కీత్‌గారును కలతచెందిరి. మరునాడు కొంచెము ముందుగా పోయి వైనింగుచేత వానిని విడమరచి చెప్పించుకొని పరీక్షకు కూర్చున్నది, కృతార్థురాలైనది.

ఈ ఘట్టమును వ్రాయుటలో గ్రంథకర్త్రి చూపిన నిగ్రహము మెచ్చదగినది. ఏడ్పు లేదు, నిష్ఠురము లేదు. జరిగినది జరిగినట్లు, తేదీలతో, వరుసగా చెప్పి ఊరకున్నది. ఇరువదవ అధ్యాయమున కళాశాల జీవనమును వర్ణించు చోటను ఇదే గుణము కానవచ్చును. తరగతిలో తాను దాదాపు ఏకాకినియే యని, ఉపన్యాసకుడు టెలిఫోనులో మాటాడువానివలె దూరముగా తోచుననియు చెప్పి, మరుక్షణముననే, పరుగుపరుగున గురుతులు వ్రాసికొను తోడి బాలికలకంటె తానంతగా వెనుకబడలేదని మెల్లగా నవ్వును. ఆలోచించుకొనుటకు తీరిక లేని చదువేమి చదువని ఆమె కళాశాల విద్యను నిలదీసిన పంక్తులు చూపుగల విద్యార్థులందరికిని వర్తించునవి.

కన్నులు లేని యీమె వెన్నెలను, రంగులను వర్ణించుట కృత్రిమమని ఆక్షేపించినవారు ఆనాడును కలరు, ఈనాడును కలరు. ఈ యాక్షేపణ మాకు నవ్వు పుట్టించును. చకోరము వెన్నెల త్రాగుట చూచిన కవి యెవడు? హంస పాలను నీళ్లను వేరుచేయుట పరీక్షించిన యాలంకారికుడెవడు? మన కావ్యములలో సగము వర్ణనములు కన్నులతో చూచినవి గావు, పూర్వకవుల వలన విన్నవి. దానిని కవిసమయమని గౌరవించు మనము, ఒక యంధురాలు భాషాసంపదను తనదిగా వాడుకొన్నంతమాత్రమున తప్పుపట్టుట న్యాయము గాదు. భాష అందరి సొత్తు. కన్నులున్నవారికి మాత్రమే వ్రాసియిచ్చిన దానపత్రము గాదు.

అయితే గ్రంథమున దోషము లేదా? కలదు; అదియు చిన్నది గాదు. ఈ పరీక్షల కథ ముగించుచు ఆమె, అధికారులు తమ యేర్పాటుల వలన తనకెంత శ్రమ కలుగునో యెరుగక చేసినారని వారిని క్షమించి, ఆ యడ్డంకులన్నిటిని తాను దాటగలిగినందుకు తృప్తి చెందినది. ఈ క్షమ ఆమెకు భూషణమే. కాని చదువరికి చాలదు. రెండు దినములలో నొక క్రొత్త సంకేతలిపిని నేర్చుకొనగలిగిన మేధ యెందరికుండును? దినదినము ప్రక్కన కూర్చుండి, తన కన్నులు చెడుచున్నను పుస్తకములు చదివి చెప్పు సల్లివన్ వంటి గురువు ఎందరికి దొరకును? పుస్తకములు చెక్కించి పంపు మిత్రులు ఎందరికి కలరు? అడ్డంకి దాటబడినది కావున అడ్డంకియే కాదన్నట్లు కథ ముగియుట ఈ గ్రంథమున లోపము. దానిని పెంచి పెద్దచేసి నీతివాక్యముగా మార్చినది మాత్రము మనము.

ఈ మాట మేము స్వయముగా కనిపెట్టినది గాదని మొదటనే చెప్పితిమి. పైని చెప్పిన క్షేత్రగణితపు తరగతిలోని బాలికయే ఇప్పుడొక కళాశాలలో బి.ఏ. చదువుచున్నది. సెలవులలో మా యింటికి వచ్చినపుడు, ఆమెకు ధైర్యము చెప్పబోయి, మేము అలవాటు చొప్పున కెల్లరును ఉదాహరించితిమి. ఆ పిల్ల కొంతసేపు విని, ‘మాస్టారూ, ఆమె గొప్పది కాబట్టి గట్టెక్కినది. నేను గొప్పదానను గాను. రెండవ తరగతి మార్కులు తెచ్చుకొను మామూలు పిల్లను. మామూలు పిల్లకు పట్టము రాకూడదా?’ అని యడిగినది.

మాకు జవాబు తోపలేదు. ‘ఏమి జరిగినదమ్మా?’ అని యడుగగా చెప్పినది. అర్థశాస్త్రపు పరీక్షలో ఆమెకు వ్రాయసకానిగా వచ్చిన బాలుడు ఆమెకంటె చిన్నతరగతివాడు. నిబంధనయే అట్టిది; పెద్ద చదువరియైనచో తానే జవాబు చెప్పునని యనుమానము. ఒక ప్రశ్నయొద్ద ఆ బాలుడాగి, ‘అక్కా, ఇక్కడ ఏదో బొమ్మ ఉన్నది, రెండు గీతలు ఒకచోట కలిసినవి’ అనెనట. ఆ గీతలు గిరాకీ సరఫరాల రేఖలని, అవి కలియుచోటనే ధర నిలుచునని ఆమెకు కంఠస్థము. కాని ఏ గీత ఏదో, దానిపై ఏ యంకెలున్నవో చదువుట ఆ బాలునికి తెలియదు. తెలిసిన జవాబు చేతిలో నుండగనే గంట కొట్టిరి. 1899లో ఆ మహానుభావురాలికి కలిగిన చిక్కును, ఈ మామూలు పిల్లకు కలిగిన చిక్కును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఆమెకు లిపి తెలియలేదు. ఈమె తెచ్చుకొన్న కన్నులకు లిపి తెలియలేదు. రెంటను అంగవైకల్యము అడ్డు రాలేదు, అడ్డువచ్చినది ఏర్పాటు.

మన దేశమున శాసనములు లేవని యనుటకు వీలులేదు. 1995లో నొక శాసనమును, దాని స్థానమున 2016లో మరింత విశాలమైన శాసనమును వెలసినవి. మొదటిది ఏడు విధముల వైకల్యములను గుర్తింపగా, రెండవది ఇరువదియొకటింటిని గుర్తించినది. ప్రభుత్వ ఉన్నతవిద్యాలయములలోను ప్రభుత్వసహాయము పొందు వానిలోను నూటికి ఐదు స్థానములకు తక్కువగాకుండ కేటాయించినది. పరీక్షలలో అధికకాలమును, వ్రాయసకానిని ప్రస్తావించినది. 2018లో వెలువడిన మార్గదర్శకములు గంటకు ఇరువది నిమిషములకు తగ్గకుండ అధికకాల మీయవలెనని చెప్పినవి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, చేతివ్రాత సాగని వ్యాధిగల యొక అభ్యర్థి విషయమున, వైకల్యము నూటికి నలుబదిపాళ్లు లేదను నెపమున వ్రాయసకానిని నిరాకరింపరాదని, అవసరమునకు తగిన సదుపాయము కల్పించుట దయ గాదు, సమానత్వములో భాగమని తీర్పు చెప్పినది. చూపులేనివారికి అనువైన రూపమున గ్రంథములు తయారుచేయుటకు కాపీహక్కు అడ్డురాకుండ చేయు మర్రాకెష్ ఒడంబడిక 2013లో కుదరగా, దానిని 2014లో అన్నిదేశములకంటె ముందు ఆమోదించినది మన దేశమే.

ఇంత జరిగినను మన పిల్ల పరీక్షగదిలో బొమ్మయొద్ద ఆగిపోయినది. ఏలయన, శాసనము వాకిలి తెరచును గాని లోపల దీపము పెట్టవలసినవారము మనము. ఒక చిన్న నిదర్శనము. నేడు కంప్యూటరును, చేతిఫోనును పుస్తకములను బిగ్గరగా చదివి వినిపింపగలవు. ఆ విద్యార్థిని ఆంగ్ల గ్రంథములను అట్లే చదువుకొనుచున్నది. తెలుగు గ్రంథములు మాత్రము తరచుగా మొరాయించును. కారణమేమనగా, మన అచ్చుకూటములలో చిరకాలము వాడిన పాత అక్షరరూపములు యూనికోడ్ పద్ధతికి చెందినవి గావు. కంటికి ‘అమ్మ’ అని కనబడునది యంత్రమునకు అర్థములేని గుర్తుల కుప్ప. పుటలను ఛాయాచిత్రములుగా తీసి పంపినచో యంత్రమునకు అక్షరమే లేదు. బ్రెయిలీ భేదములతో అమెరికావారు పడిన పాట్లు చదివి మనము నవ్వనక్కరలేదు. ఆ చిక్కును మన తెలుగులోనే, ఈనాడే, మనము పెంచి పోషించుచున్నాము. భారతీయ భాషల బ్రెయిలీ లిపులను 1951లోనే ఒక్క త్రాటిపైకి తెచ్చిన దేశము మనది. అచ్చక్షరముల విషయమున అంతటి శ్రద్ధ చూపలేమా?

శ్రద్ధకు మారుగా మనము పేర్లు పెట్టుదుము. గ్రుడ్డివానిని ప్రజ్ఞాచక్షువనుట మన పూర్వుల మర్యాద. మహాభారతమున ధృతరాష్ట్రునకు ఆ పేరు కలదు. ఇటీవల ‘దివ్యాంగులు’ అను పేరు వచ్చినది. మంచి పేర్లే, కాదనము. కాని ప్రజ్ఞాచక్షువు చేతికి పుస్తక మీయకుండ, దివ్యాంగుని తరగతిగదిని మూడవ మేడపై నుంచి, పేరుతో సత్కరించుట వట్టివిస్తరికి నమస్కరించుట వంటిది. అష్టావక్రుడు జనకుని సభకు పోయినపుడు వానిని మొదట నిలిపినది పండితుడు గాడు, ద్వారపాలకుడు. లోపలికి పోయినపిమ్మట వాదమున గెలిచినాడు. మన విద్యాలయములలో నేటికిని తగవు వాదమువద్ద గాదు, వాకిటవద్దనే. కృష్ణాజిల్లాలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ పదవతరగతి పిమ్మట విజ్ఞానశాస్త్రములు చదువగోరినపుడు అంధుడను కారణమున అనుమతి లేక న్యాయస్థానమున కెక్కవలసివచ్చినది. పిదప ఆయన అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, తిరిగివచ్చి పరిశ్రమ స్థాపించిన సంగతి లోకవిదితము. ఆయన కథను 2024లో చలనచిత్రముగా చూచి మనము చప్పట్లు కొట్టితిమి. చప్పట్ల నడుమ అడుగవలసిన ప్రశ్న యిది: చదువునకు ముందు వ్యాజ్యము గెలువవలెనను నియమము తక్కిన పిల్లలకు లేదుగదా, వీరికేల?

‘ఇట్టి సదుపాయములు కల్పించినచో పట్టపు విలువ తగ్గిపోదా’ అని కొందరు పెద్దలు శంకింతురు. శంక సద్బుద్ధితోనే పుట్టినదని యొప్పుకొని జవాబు చెప్పెదము. కెల్లరుకు రాడ్‌క్లిఫ్‌వారు ప్రశ్నను సులభము చేయలేదు, ఆమెయు కోరలేదు. ఆమెకు కావలసినది ప్రశ్న తన చేతికి అందుట మాత్రమే. ప్రశ్న వేరు, ప్రశ్నను అందించు మార్గము వేరు. మాకు నలుబదియేండ్లు దాటినవి, చత్వారము వచ్చినది, అద్దములు పెట్టుకొని పాఠము చెప్పుచున్నాము. అద్దముల వలన మా పాండిత్యము హెచ్చినదనిగాని, మా జీతము అన్యాయార్జితమనిగాని యెవరును అనలేదు. అద్దములు నలుగురికి అలవాటైనవి కావున సదుపాయముగా తోపవు. వ్రాయసకాడు అలవాటు కాలేదు కావున పక్షపాతముగా తోచుచున్నాడు. భేదము ఇంతియే. ఇక మోసము జరుగునను భయమున్నదా? దానికి మందు, తెలియనివానిని తెచ్చి కూర్చుండబెట్టుట గాదు. శాస్త్రసంకేతములు చదువనేర్చిన వ్రాయసకాండ్రను కళాశాలయే ముందుగా సిద్ధపరచి, పరీక్షకు కొన్నివారములముందే విద్యార్థితో కలిపి అభ్యాసము చేయించి, పరీక్షగదిలో పర్యవేక్షణ ముంచుట. బొమ్మగల ప్రశ్నకు ఆ బొమ్మను మాటలలో వివరించు వాక్యములు నాలుగు ప్రశ్నకర్తయే వ్రాసియిచ్చుట. వైనింగు పరీక్షనాటి యుదయమున చేసిన పనిని నెలముందు చేసియుండిన యెడల ఆ రాత్రి కలతయే లేకపోవును.

గృహస్థులైన మన చదువరులకును ఇందు పని కలదు. ఇంట అట్టి బిడ్డయున్నచో ‘బి.ఏ. ఎందుకు, ఇంటిపట్టున నుండరాదా’ అను మాట నోట రానీయకుడు. లేనిచో, పొరుగింటి బిడ్డకు వారమునకు రెండుగంటలు పాఠ్యపుస్తకము చదివిపెట్టుడు. చదివినది ఫోనులో ముద్రించి యిండు. ఆ జర్మను ఉపాధ్యాయిని చేసినదియు ఇంతియే.

మా విద్యార్థిని ఆ పత్రమును వచ్చు పరీక్షలలో మరల వ్రాయనున్నది. వ్రాయసకాని మార్పునకై ముందుగనే దరఖాస్తు పెట్టినది. ఉత్తర మింకను రాలేదు. ఈలోగా ఆమె ఆదివారములందు మా యింటికి వచ్చుచున్నది. మా యింటివారు ఒక పాతదిండును వెదకి యిచ్చిరి. మేము తీగెముక్కలు వంచి మొనలు చేసితిమి. మొన్న ఆ పిల్ల గిరాకీ రేఖను తానే గ్రుచ్చి, ధర పెరిగిన యెడల అది యెటు సాగునో వ్రేలితో మాకు చూపినది. పదియేండ్ల క్రిందట చెప్పవలసిన పాఠము. ఆలస్యమునకు క్షమార్పణ చెప్పితిమి. ఆమె నవ్వి, ‘ఇక త్రికోణములు కూడ చెప్పుడు, మాస్టారూ, అవి అప్పుడు నాకు అర్థము కాలేదు’ అన్నది.